గంటలో లేని తాళం

పోయిన వారం కుర్చీబాబు చేతిలో తాళంకప్ప పెట్టి వదిలేశాం. అప్పట్నుంచీ అలాగే పట్టుకుని నిలబడ్డాడు పాపం. చెయ్యి పీకుతూ ఉంటుంది. ముందు అతన్ని కదుపుదాం.

కుర్చీబాబు అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. గంటలు పోసే కార్ఖానాలో పనివాళ్ళు పెట్టింది. ఇక్కడికి రాకముందు అతను చల్లటి గదిలో, గిర్రున తిరిగే కుర్చీలో కూర్చునేవాడు. “మనమంతా ఒకే కుటుంబం” అని గోడ నిండా రాసుకున్న ఆఫీసది. ఆ గోడ కిందే కూర్చోబెట్టి ఒకనాడు రాజీనామా రాయించుకున్నారు. గోడ మీద కుటుంబం చెయ్యిచ్చాక అసలు కుటుంబమే దిక్కయింది. నడివయసులో మామగారి కార్ఖానాలో ఇసుక జల్లించే పనిలో చేరాడు. ఇల్లరికం అన్న మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనక్కర్లేదు కూడా. వడ్డించేటప్పుడు గరిటె కంచానికి తగిలే చప్పుడు చాలు.

ఇక తాళంకప్ప సంగతి. రోడ్డు వెడల్పు చెయ్యాలని కొన్ని వీధులు కొట్టేశారు. అక్కడి జనాన్ని తీసుకెళ్ళి ఊరి చివర అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళలో సర్దారు. ఆ వీధివాళ్ళకీ ఈ వీధివాళ్ళకీ పడదు. నీళ్ళ దగ్గర తగువు, చెత్త దగ్గర తగువు. అంతా కలిసి చేసిన పని ఒక్కటే, చిన్న ప్రార్థన మందిరం కట్టుకోవడం. దానికి గంట కావాలన్నారు. కూలిపోయిన ఇళ్ళలోంచి దక్కించుకున్న ఇత్తడి ముక్కలన్నీ, కుళాయిలు, గడియలు, తలుపు పిడులు, కార్ఖానాకి మోసుకొచ్చారు. మా ఇళ్ళన్నీ కరిగించి గంట పొయ్యండి అన్నారు.

వాళ్ళలో ఒక కుట్టుపనామె ఉంది. ఆవిడ తెచ్చింది తాళంకప్ప. ఒకరోజు పొద్దున ఇంటికి తాళం వేసుకుని పనికి పోయిందట. సాయంత్రం వచ్చేసరికి తలుపు ఉంది, తాళం ఉంది, వెనకాల ఇల్లు లేదు. ఇళ్ళు కూల్చే యంత్రం పెరటి వైపునుంచి మొదలుపెట్టి, చీకటి పడిందని ముందు గోడ దగ్గర ఆగిపోయింది. ఆవిడ తాళం తీసింది. తలుపు తోసుకుని లోపలికి, అంటే ఆకాశం కిందికి, వెళ్ళింది. కాసేపు నిలబడి బయటికొచ్చి, తాళంకప్ప కొంగులో ముడేసుకుని పోయింది.

గంట పోసిన రోజున ఆ తాళంకప్ప కొలిమి దగ్గర తట్టలో పడడం కుర్చీబాబు కళ్ళారా చూశాడు. గంట పోశారు, ఆరింది, మన్ను దులిపి పైకి లాగారు. మరి అదే తాళంకప్ప వెనక కొట్టంలో, గోనెసంచిలో, కుళాయిల మధ్య చెక్కు చెదరకుండా ఎలా ఉంది? అక్కడే ఆగాం.

కుర్చీబాబు సంచి మూతి మళ్ళీ కట్టేశాడు. తాళంకప్పని మాత్రం ప్యాంటు జేబులో వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడంటే అతనికే తెలీదు. ఆఫీసులో పనిచేసినన్నాళ్ళూ ఎన్ని బొంకులు చూశాడో లెక్కలేదు, ఏ ఒక్కటీ జేబులో పట్టేది కాదు. ఇది పట్టింది.

కొట్టంలోంచి బయటికొస్తే ఎదురుగా భార్య, చేతిలో అన్నం క్యారేజీ.

“ఏంటండీ, దెయ్యాన్ని చూసినట్టు ఆ మొహం?”

జేబులోంచి తీసి చూపించాడు. ఆవిడ చూసింది. ఆశ్చర్యపోతుందేమో అనుకున్నాడు. ఆవిడ క్యారేజీ గిన్నెలు విప్పుతూ, “కాళ్ళు చేతులు కడుక్కుని రండి, చల్లారిపోతుంది” అంది.

“నీకు తెలుసా?”

“కార్ఖానాలో పుట్టినదాన్ని. చిన్నప్పుడు ఆ సంచుల మీదెక్కి ఆడుకునేవాళ్ళం.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే ఏం చేసేవారు? ఇదిగో, ఇలాగే మొహం పెట్టుకుని నిలబడేవారు. ఇన్నాళ్ళూ హాయిగా అన్నమన్నా తిన్నారుగా.” ఆవిడ గొంతు కాస్త తగ్గించింది. “నాన్నని అడుగుతారని నాకు తెలుసు. అడగండి. పనివాళ్ళ ముందు మాత్రం వద్దు. ఇంకో మాట, మీ ఆఫీసులో అబద్ధాలకి ఏసీ ఉండేది, ఇక్కడ లేదు. అంతకుమించి తేడా ఉందని నన్ను నమ్మించకండి.”

పెళ్ళాం మాట ఎప్పుడూ అంతే. పచ్చిమిరపకాయలా చిన్నగా ఉంటుంది, కొరికాక తెలుస్తుంది. కుర్చీబాబు రెండు ముద్దలు మింగి లేచాడు.

మామగారు గంట దగ్గరే ఉన్నాడు. చైను కప్పీకి వేలాడుతున్న గంట కింద ముక్కాలిపీట వేసుకుని, తల పైకెత్తి, లోపలి అంచుని ఆకురాయితో రాస్తున్నాడు. గంట పోయగానే పని అయిపోదు. రాయాలి, కొట్టి వినాలి, మళ్ళీ రాయాలి. ఎక్కువ రాస్తే మళ్ళీ అతికించడానికి లేదు. అందుకే ముసలాయన రాయడం తక్కువ, వినడం ఎక్కువ. భక్తిపరుడు. దేవుడికి దండం పెట్టకుండా కొలిమి ముట్టించడు. ముట్టించాక మంట నిలదొక్కుకునేదాకా పెదవి విప్పడు. అలాంటి మనిషి అని కుర్చీబాబు నిన్నటిదాకా నలుగురితో గొప్పగా చెప్పుకున్నాడు. తనకి దేవుడి మీద నమ్మకం ఉందో లేదో తేల్చుకోలేదు గానీ మామగారికి ఉంది కదా, ఇంటికి ఒకరికుంటే చాల్లే అనుకునేవాడు.

“మావయ్యగారూ, ఒక్క మాట.”

“రెండడుగు. ఆకురాయి మాత్రం ఆపను.”

కుర్చీబాబు తాళంకప్పని బల్ల మీద పెట్టాడు. టక్కుమంది. ఆకురాయి ఆగింది.

“ఎక్కడ దొరికింది?”

“మీరు పెట్టిన చోటే.”

ముసలాయన గంట కిందనుంచి బయటికొచ్చాడు. జుట్టు నిండా కంచు పొడి, కొత్త పెళ్ళికొడుకులా మెరుస్తున్నాడు. కొలిమి దగ్గర బొగ్గు ఎత్తుతున్న మనిషికి, వాడిని అందరూ కొలిమి బాబాయి అంటారు, టీ తాగి రమ్మని సైగ చేశాడు. బాబాయి తాళంకప్పని చూశాడు, అల్లుడిని చూశాడు, “ఇవాళ టీ ఆలస్యమయ్యేలా ఉందయ్యా” అని గొణుక్కుంటూ జారుకున్నాడు.

“ఇది తట్టలో పడింది. నేను చూశాను” అన్నాడు కుర్చీబాబు.

“పడింది. తర్వాత ఏం చూశావు?”

“మీరు తట్ట పైకెత్తారు. అందర్నీ కళ్ళు మూసుకుని మనసులో అనుకోమన్నారు. నేనూ మూసుకున్నాను. గలగలమని లోహం కరిగే మూసలో పడ్డ చప్పుడు వినిపించింది.”

“చప్పుడు రాగిదీ తగరానిదీ. బాబాయి వేశాడు. కొలిమి పక్కన పిట్టగోడ ఉందే, తట్ట దాని వెనక్కి పోయింది. వాళ్ళు కళ్ళు తెరిచేసరికి ఖాళీ తట్ట చూపించాను. మా తాత అలాగే చేశాడు, మా నాన్నా అలాగే చేశాడు.”

“అంటే మోసమేగా ఇది!”

“మోసమే.”

కుర్చీబాబు దెబ్బలాటకి సిద్ధపడి వచ్చాడు. అవతలివాడు ఒప్పేసుకుంటే దెబ్బలాడ్డం ఎలాగో అతనికి ఎవరూ నేర్పలేదు.

“కాదని ఎప్పుడన్నాను?” అన్నాడు ముసలాయన. “మా నాన్న నేర్పేటప్పుడే చెప్పాడు, ఇది మోసంరా, శుభ్రంగా చెయ్యి అని.”

“దండం పెట్టుకుంటుంటే చేస్తారా? కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటుంటే?”

“కళ్ళు తెరుచుకున్నప్పుడు చెయ్యడానికి నాకు గారడీ రాదు.” ముసలాయన తాళంకప్పని చేతిలోకి తీసుకున్నాడు. “ఇదేంటి? పైన ఇత్తడి, లోపల ఇనుము. ఆ కుళాయిల్లో సీసం. గడియలకి ఏ కాలంనాటి రంగో. ఇవన్నీ కంచులో పడితే గంట పలకదు, పగిలిన కుండలా టక్కుమంటుంది. కావాలంటే ఒకటి పోసి చూపిస్తాను, నీ మెడలో కట్టుకుందువుగాని.”

“ఆ మాటే వాళ్ళకి చెప్పొచ్చుగా! తెలివితక్కువవాళ్ళా?”

“చెప్పాం.”

ముసలాయన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. మామూలుగా అల్లుడు నిలబడి ఉండగా కూర్చోడు. ఎంత అప్పడంలా నలిగిపోయినా అల్లుడు అల్లుడే, మర్యాద మర్యాదే. ఇప్పుడు మర్యాద సంగతి మర్చిపోయినట్టున్నాడు.

“నేను పుట్టకముందు సంగతి. మా నాన్న అప్పుడే సొంతంగా పొయ్యడం మొదలెట్టాడు. నీలాగే నిజాయితీ ఒంట్లో కుతకుతలాడే వయసు, మా తాత చేసే మోసం నచ్చలేదు. ఒక ఊరివాళ్ళు ఇలాగే గిన్నెలూ చెంబులూ తెచ్చారు. ఇవి వేస్తే పలకదు నాయనా అని చెప్పాడు. మా వస్తువులు లేని గంట మాకెందుకన్నారు. సరేనని అన్నీ వేసి పోశాడు. ఒక్క కడియం కూడా దాచలేదు. తీసుకెళ్ళి కట్టారు, కొట్టారు. మూగది.”

“మీ నాన్నగారిని తిట్టారా?”

“తిడితే బావుండేది. మా నాన్న వైపు ఒక్కడూ చూడలేదు. వాళ్ళలో వాళ్ళు చూసుకున్నారు. ఎవరి పాపం పడింది ఇందులో, దేవుడు ఎవరి వస్తువు వద్దన్నాడు అని. సాయంత్రానికల్లా ఒకామెని తేల్చారు. మొగుణ్ణి వదిలేసి వచ్చిన మనిషి, ఒక గిన్నె ఇచ్చింది. మా నాన్న ఊరంతా తిరిగి చెప్పాడు, అది సీసంరా బాబూ, సీసం అని. సీసం ఎవడిక్కావాలి, పాపం దొరికాక!” ముసలాయన తాళంకప్పని అటూ ఇటూ తిప్పాడు. “ఆమె ఆ ఊళ్ళో ఉండలేకపోయింది. ఎటు పోయిందో ఎవరికీ తెలీదు. మా నాన్న ఇంటికొచ్చి దేవుడి పటం ముందు కూర్చుని చెప్పుకున్నాడట, ఇకమీదట వాళ్ళ సంగతి నేను చూసుకుంటా, నా సంగతి నువ్వు చూసుకో అని.”

బయట ఏదో లారీ పోయింది. గంట అంచు ఆ అదురుకి సన్నగా ఊఁ అంది. ఇద్దరూ దానివైపు చూశారు.

“వాళ్ళిచ్చిన ఇత్తడి?” కుర్చీబాబు గొంతులో మొదటి వేడి లేదు.

“శుభ్రం చేసి మళ్ళీ కుళాయిలు పోస్తాం, గడియలు పోస్తాం. ఇళ్ళలోంచి వచ్చింది, ఇళ్ళలోకే పోతుంది. దేవుడికి ఎక్కడైనా ఇల్లుంటుంది. లేనిది వీళ్ళకే.”

“అందులోంచేనా నాకు జీతమూ?”

“అందులోంచీను. చేదుగా ఉందా? పాత జీతం తియ్యగా ఉండేదా?”

అతని పాత ఆఫీసు ఏం అమ్మేదో అతను ఇప్పటికీ ఒక్క వాక్యంలో చెప్పలేడు. అయినా మనిషికి రోషం ఒకటి ఉంటుందిగా, అది పోతూ పోతూ ఒకసారి తోక ఝాడిస్తుంది.

“ఆవిడకి నేను చెప్పేస్తాను. మిగతావాళ్ళ సంగతి నాకు తెలీదు. ఆవిడ ఇల్లు, ఆవిడ తాళం. ఆవిడకి తెలియాలి.”

ముసలాయన కోప్పడలేదు. తాళంకప్పని అల్లుడి చేతిలో పెట్టి వేళ్ళు ముడిచాడు.

“చెప్పు. ఆవిడొక్కతే విని ఊరుకోదు, తన వీధికి చెప్తుంది. మనం ఈ వీధివాళ్ళతో కలిసి ఆ వీధివాళ్ళ ఇత్తడి మింగేశామంటారు. మందిరం గోడలు ఇంకా తడారలేదు. ఈ కార్ఖానా మూతపడితే పడనీ, నేనెన్నాళ్ళుంటాను. నా కూతురి మొహం చూసుకో, ఆ జనం మొహాలు చూసుకో. అప్పటికీ చెప్పాలనిపిస్తే చెప్పు. నేను అడ్డం రాను, ఇంట్లోంచి పొమ్మనీ అనను. అల్లుడివి.”

పొమ్మంటే నయంగా ఉండేది. కుర్చీబాబు తాళంకప్ప జేబులో వేసుకుంటూ అదే అనుకున్నాడు.

అప్పుడే గేటు దగ్గర చెప్పుల చప్పుడైంది. “ఎవరండీ లోపల?” అంటూ కుట్టుపనామె వచ్చేసింది. మనిషి పొట్టి, నడక చురుకు, మెడలో కొలతల టేపు. చంకలో ఎర్రగుడ్డ మడత.

“పెద్దాయనగారూ, రేపు గంటని వ్యాన్‌లో తెస్తారట కదా. దుమ్ము కొట్టుకుని, గీతలు పడి వస్తుందని మావాళ్ళు తొడుగు కుట్టమన్నారు. ఆది ఇవ్వమనండి మీ గంటని.”

ముసలాయన నవ్వాడు. ఇప్పుడిప్పుడే అంత మాట మాట్లాడిన మనిషి అంత తేలిగ్గా ఎలా నవ్వాడో! “తీసుకో తల్లీ. మా అల్లుడు సాయం చేస్తాడు. నేను వ్యాన్‌వాడికి ఫోన్ చేసి వస్తాను” అని, అల్లుడి కళ్ళలోకి ఒకసారి చూసి, గదిలోకి వెళ్ళిపోయాడు.

చెప్పుకోవడానికి చోటూ ఇచ్చాడు, సమయమూ ఇచ్చాడు.

కుట్టుపనామె గంట చుట్టూ టేపు తిప్పింది. “అవతల కొస పట్టుకో నాయనా. అబ్బో, నడుం ఇంతుందా! గుడ్డ చాలేట్టు లేదు. ఏం తిని పెరిగిందమ్మా ఇది?”

“మీ ఇళ్ళన్నీ తింది కదా పిన్నిగారూ” అనేశాడు కుర్చీబాబు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఆవిడ మాత్రం పకపకా నవ్వింది.

“బాగా అన్నావు. అవునూ, మా తాళంకప్ప ఏ పక్కకి పడి ఉంటుందంటావు? ఒకసారి చెయ్యి పెట్టి చూసుకుంటాను.”

ఇదిగో, వచ్చింది సమయం. జేబులో తాళంకప్ప తొడకి చల్లగా ఆనుతోంది. చెప్పేస్తాను అన్నవాడు నోరు తెరిచాడు.

“కరిగాక ఒక పక్కనేం ఉంటుంది పిన్నిగారూ. అంతటా ఉంటుంది. ఎక్కడ చెయ్యి పెట్టినా మీదే.”

తన నోట్లోంచే వచ్చింది. తడబాటు లేదు, వెన్నలో కత్తి దిగినట్టు దిగింది. మామగారి గొంతే తన గొంతులో పలికినట్టయింది కుర్చీబాబుకి.

ఆవిడ అరచెయ్యి గంటకి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంచింది. తర్వాత, “ఒకసారి కొట్టనా?” అంది.

తోలు చుట్టిన చెక్కసుత్తి అందించాడు. ఆవిడ సుత్తి పట్టుకోవడం రాక రెండు చేతులా పట్టుకుని, భయంభయంగా తాటించింది.

గంట పలికింది. చప్పుడు చెవిలోకి కాకుండా ముందు పొట్టలోకి వెళ్ళింది. రేకుల కప్పు, గోడలు, బల్ల మీది గ్లాసు, అన్నీ దానికి వంత పాడాయి. సన్నబడుతూ, సన్నబడుతూ, ఆగిందా లేదా అని మనిషి ఊపిరి బిగబట్టి వెతుక్కునేంత దూరం పోయింది. కొలిమి బాబాయి టీ గ్లాసుతో గేటు దగ్గరే ఆగిపోయాడు.

కుట్టుపనామె సుత్తి కింద పెట్టింది. కళ్ళు తుడుచుకుంటుందేమో అనుకున్నాడు. తుడుచుకోలేదు. టేపు మెడలో వేసుకుంది.

“ఎంత బాగా పలికింది” అంది నెమ్మదిగా. “మా తాళం పడుంటే ఇలా పలికేదా నాయనా?”

కుర్చీబాబు ఆవిడ కింద పెట్టిన సుత్తిని తీసి మళ్ళీ అక్కడే పెట్టాడు.

“పిన్నిగారూ...”

“నాది సూదిపని. కళ్ళు మూసుకుంటే వేలు పోతుంది. పుట్టాక నిద్రలో తప్ప మూసుకోలేదు, దేవుడి ముందైనా సరే. ఆ రోజూ మూసుకోలేదు. తట్ట గోడ వెనక్కి పోవడం చూశాను.”

“మరి అప్పుడే ఎందుకు అరవలేదు?”

“అరవబోయాను. నోరు తెరిచి పక్కకి చూద్దును కదా, నీళ్ళ దగ్గర నన్ను రోజూ తిట్టిపోసే మనిషి నా భుజం పట్టుకుని నిలబడి ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని ఏడుస్తోంది. ఆ వరసలో అందరూ అంతే, ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారో తెలీకుండా. ఆ డబ్బా ఇళ్ళకి పోయాక వాళ్ళని అలా చూడడం అదే మొదలు. తెరిచిన నోరు మూసుకున్నాను.” ఆవిడ గుడ్డ మడత విప్పి మళ్ళీ మడిచింది. “ఊరుకుందామనే అనుకున్నాను. కానీ కళ్ళు మూసుకోనివాడు ఇంకొకడున్నాడు. మా పక్కింటి మంగలాయన. వాడు అనుమానం మనిషి, వెనక వరసలోంచి తట్ట ఎటు పోయిందో సరిగ్గా కనబడలేదట. రేపు గంట కట్టగానే అందరి ముందూ నన్నే అడుగుతానంటున్నాడు, నీ తాళం ఇందులో ఉందా లేదా అని. నేనేమంటే అదేనట.”

“మీరేం చెప్తారు?”

“ఉందంటే అబద్ధం. లేదంటే ఆ చేతులన్నీ మళ్ళీ విడిపోతాయి, పిడికిళ్ళవుతాయి. నేనెందుకు చెప్పాలి? మోసం మీది. నిజం కూడా మీరే చెప్పుకోండి. వాడు అడగగానే నేను నీవైపు చూస్తాను.”

“నావైపా? మావయ్యగారు...”

“పెద్దాయన అలవాటు పడ్డాడు. నీకింకా అలవాటు కాలేదు, ఇందాక నీ మొహంలో చూశాను.” ఆవిడ దగ్గరికి వచ్చింది. అతని మొహం వైపు కాదు, నడుం కిందకి, కుడివైపుకి చూసింది. ముప్పొద్దులా బట్ట వేలాడే తీరు చూసి బతికే మనిషి చూపు అది. “ఆ జేబు కుట్టు పిగిలిపోయేలా కిందకి లాగుతోంది. అందులో ఉన్నదేంటో నేను అడగను.”

కుర్చీబాబు చెయ్యి దానంతటదే జేబు మీదకి పోయింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

“ఇప్పుడు కాదు. నేను నీవైపు చూసినప్పుడు నువ్వది బయటికి తీస్తే, లేదని చెప్తాను. తియ్యకపోతే, ఉందని చెప్తాను. చెప్పిన మాట మీద చచ్చేదాకా నిలబడతాను.”

లోపలి గదిలో మామగారు ఫోన్ పెట్టేశాడు. కుట్టుపనామె ఎర్రగుడ్డ చంకలో పెట్టుకుని గేటుదాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది.

“రేపూ ఈ ప్యాంటే వేసుకుని రా నాయనా.”